సర్కారువారి రాజీలు

"రాజీ" యనునది ఉర్దూ కోర్టులనాడు మన వాడుకలోనికి వచ్చిన మాట. దాని మూలార్థము సమ్మతి, సంతుష్టి. ఇరుపక్షములవారును మనసార ఒప్పుకొనినగాని అది రాజీ కాదు. దావా పరిష్కారమైనదని వకీళ్లు వ్రాసి దాఖలుచేయు పత్రమునకు పూర్వము రాజీనామా యని పేరు. నేడు మా బడిపిల్లలు రాజీనామా యనగా ఉద్యోగము వదలుకొనుట యని తప్ప మఱియొక యర్థ మెఱుగరు. ఇక "సెటిల్‌మెంటు" అను ఇంగ్లీషుమాట గతి చూడుడు. ఆ భాషలో నది మర్యాదగల మాటయే. మన యూళ్లలో మాత్రము "వాడు సెటిల్‌మెంట్లు చేయును" అని చెప్పినచో వినువారి కన్నులయెదుట నిలుచువాడు న్యాయమూర్తి కాడు. నలుగురు మనుష్యులను వెంటబెట్టుకొని తిరుగుచు, ఒకరి భూమిని వేఱొకరికి ఇప్పించి, నడుమ తన వాటా తాను పుచ్చుకొనువాడు. ఒక మంచిమాట యర్థము చెడినదన్న జనుల యనుభవము చెడినదనియే చెప్పవలయును. వైయాకరణులు దానికి బాధ్యులు కారు.

ఇరుగుపొరుగువారు గట్టు తగవు రాజీపడిన నాకు సంతోషమే. అన్నదమ్ములు పంపకపు వ్యాజ్యమును మానుకొనిన మఱింత సంతోషము. నేనిచట ఆక్షేపింపబూనినది ఆ రాజీలను గాదు. సర్కారు తానొక పక్షమైయుండియో, లేక పక్షము కాకయే మధ్యవర్తిగా కూర్చుండియో చేయించు రాజీలను గుఱించి నా మాట. గృహస్థుడు తన సొత్తులో కొంత వదలుకొని తగవు తీర్చుకొనవచ్చును, అది వానిది. సర్కారు వదలుకొనునది తనది కాదు. అది విధవ కూడు, రైతు నీరు, నేరము జరిగినదని తేల్చుకొనుటకు లోకమునకుగల హక్కు. ధర్మకర్త దేవుని మాన్యమును ఎంత కరుణతోనైనను దానము చేయరాదుగదా!

మా సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతమున పాశమైలారము, బొల్లారము, ఖాజీపల్లి, గడ్డపోతారము అను పేరులు దేశమున మందుల తయారీకి పేరుపొందినవి. బిహారు, ఒడిస్సా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, బెంగాలు సీమలనుండి వచ్చిన పనివాండ్రు ఇచట వేలకొలది కలరు. 2025 జూన్ 30వ తేదీని పాశమైలారములోని సిగాచీ ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో ప్రేలుడు జరిగి, మృతులును, జాడ తెలియక మృతులుగా నెంచబడినవారును కలిసి 54 మంది గతించిరి. ముఖ్యమంత్రి మఱునాడే వచ్చి చూచి, ఒక్కొక్క మృతుని కుటుంబమునకు కోటి రూపాయలు ముట్టునని ప్రకటించిరి. మంచిదే. కాని ప్రకటన చట్టము కాదు. చట్టము ప్రకారము రావలసినది రానిచో కోర్టుకు పోవచ్చును. ప్రకటనలోనిది రానిచో ఎక్కడికి పోవలయును?

అంతకన్న ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. ఏబదినలుగురు ఒక్కనాడు చనిపోగా దేశమంతయు చూచినది. ఒక్కడే చనిపోయిననాడు ఎవరు చూతురు? ఈ సీమలో వార్తాపత్రిక చదువువారికి ఆ వార్త యెట్లుండునో తెలియును. రియాక్టరు ప్రేలి కార్మికుడు మరణించెను, బంధువులు గేటుముందు బైఠాయించిరి, నాయకులు, మేనేజరులు, పోలీసు, రెవెన్యూ ఉద్యోగులు చర్చలు జరిపిరి, ఇన్ని లక్షలకు అంగీకారము కుదిరినది, ధర్నా విరమించిరి. ఐదు పంక్తులలో కథ ముగియును. ఇందులో కుదిరిన అంగీకారమెవరిది? మార్చురీ వాకిట, తెలుగు రాని స్త్రీ, చంకలో బిడ్డ, రెండువేల కిలోమీటర్ల దూరములోనున్న ఊరికి శవమును చేర్చవలసిన తొందర. కాగితము మీద ఏమి వ్రాయబడినదో ఆమెకు చదివి వినిపించినవా డెవ్వడు? ఏ భాషలో వినిపించెను? ఆమె వ్రేలిముద్రను సమ్మతి యందుమా?

మనవారికి ఈ సంగతి క్రొత్తది కాదు. మత్తుడు, ఉన్మత్తుడు, ఆర్తుడు, పరాధీనుడు, బాలుడు చేసిన వ్యవహారము చెల్లదని మనుస్మృతి చెప్పుచున్నది. బలాత్కారముచే వ్రాయించినది వ్రాయనట్లే యనియు నందు గలదు. మనువు చెప్పిన మాటలలో నేను త్రోసిపుచ్చునవి పెక్కులు గలవు. చదువరులును అట్లే చేయుదురని నమ్ముచున్నాను. కాని ఆర్తుని ఒడంబడిక ఒడంబడిక కాదన్న మాటను త్రోసిపుచ్చుటకు నాకు సాహసము చాలదు. కౌటిల్యుడు ఇంకొక యడుగు ముందుకు వేసి, వ్యాజ్యెగాండ్రను బెదరించి, గద్దించి, నోరు మూయించు ధర్మస్థునకే జరిమానా విధించినాడు. న్యాయశాఖోద్యోగుల నీతిని గూర్చిన నిబంధనలు మనకు దొరలు నేర్పినవి కావు.

దొరలు చేసిన చట్టములోనైనను ఈ వివేకము లేకపోలేదు. 1923వ సంవత్సరపు కార్మిక పరిహార చట్టమును తెఱచి చూచినచో ఆశ్చర్యము కలుగును. కార్మికుడు పనిలో చనిపోయినచో యజమాని పరిహారమును కమీషనరు వద్ద డిపాజిటు చేయవలసినదే. మూడునెలల జీతమునకు మించని బయానా తప్ప, కుటుంబము చేతికి నేరుగా ఇచ్చినది ఇచ్చినట్లే లెక్కకు రాదు. రాజీ కుదిరినదని ఒప్పందము తెచ్చినచో, సొమ్ము తక్కువగానున్నను, మోసముచేతగాని ఒత్తిడిచేతగాని వ్రాయించినట్లు తోచినను, దానిని నమోదు చేయ నిరాకరించు అధికారము కమీషనరునకు గలదు. పరిహారపు హక్కును వదలుకొంటినని కార్మికుడే వ్రాసి యిచ్చినను ఆ వ్రాత చెల్లదు. స్త్రీలకు ఒక్కమొత్తముగా ముట్టవలసిన సొమ్మును కూడ కమీషనరు ద్వారముననే ఈయవలెనని, వారిని మైనరులతో ఒక్క పంక్తిని కూర్చుండబెట్టినారు. మన సోదరీమణులకు దీనిపై కోపము రావచ్చును, రాదగినదే. అయినను ఆ శాసనకర్తకు మార్చురీ వాకిట జరుగు బేరము ఎట్టిదో తెలియునని ఒప్పుకొనవలయును.

లెక్కయు కష్టమైనది కాదు. ముప్పదియేండ్ల పనివాడు, నెలజీతము 15,000 రూపాయలు. 2020 జనవరినుండి లెక్కకు గ్రహింపవలసిన పరమావధి జీతము అంతియే. అందు సగము 7,500. దానిని వయస్సునుబట్టి చట్టములో వ్రాసిన 207.98 అను గుణకముచే హెచ్చవేయగా 15,59,850 రూపాయలు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు పలకమీద చేసి చూపగల లెక్క యిది. 2025 నవంబరు 21న ఆ పాత చట్టము పోయి సామాజిక భద్రతా స్మృతి అమలునకు వచ్చినది. డిపాజిటు, ఒప్పందముల నమోదు మొదలగు ముఖ్యసూత్రములు అందులోనికి వచ్చినవి. ఈ.ఎస్.ఐ.లో చేరినవారికి దారి వేఱు. వారికి పింఛను వచ్చును. ఏ దారినైనను, రావలసినది ఎంతయో ముందు చెప్పి, ఆ పిదప బేరమాడుట న్యాయము. రావలసినది చెప్పకయే "ఇంత యిప్పించితిమి" అనుట దానము చేసినట్లు నటించుట. ఆ చర్చలో ఒక సర్కారు ఉద్యోగి కూర్చుండియు ఈ లెక్క పలుకనిచో, వాడు మధ్యవర్తి కాడు, సాక్షియు కాడు. యజమాని పక్షమున నొక కుర్చీ నిండినది, అంతియే.

ఇది తాలూకా కచేరీలలోని చిన్నయుద్యోగుల దోషమని పెద్దలు తప్పించుకొనుటకు వీలులేదు. మన దేశమున సర్కారు చేసిన రాజీలలోకెల్ల పెద్దదానిని చూడుడు. భోపాలు విషవాయువు 1984 డిసెంబరులో వేలమందిని చంపినది. 1985లో పార్లమెంటు చట్టముచేసి, బాధితులందఱి తరఫునను దావా నడుపు హక్కును కేంద్ర సర్కారునకే దఖలుపఱచెను. తల్లిదండ్రులు బిడ్డకువలె సర్కారు ప్రజలకు సంరక్షకుడను సూత్రము చెప్పిరి. సంరక్షకుడు కోరినది 330 కోట్ల డాలర్లు. 1989 ఫిబ్రవరి 14, 15 తేదీలలో సుప్రీంకోర్టులో ఒప్పుకొనినది 47 కోట్ల డాలర్లు. దానితోపాటు క్రిమినల్ కేసులన్నియు రద్దు! బాధితుల నడిగినవారు లేరు. ఆ మొత్తము ఎట్లు సరిపోవునో కారణములు కోర్టువారు మే 4వ తేదీని, అనగా రాజీ జరిగిన రెండున్నర నెలలకు, వెల్లడించిరి. మా బడిలో లెక్కకు ముందు జవాబు వ్రాసి, పిమ్మట దారి వెదకు పిల్లవానికి మార్కులు వేయము.

ఆ సంవత్సరము డిసెంబరులోనే సుప్రీంకోర్టు వేఱొక తీర్పునందు, రాజీకి ముందు బాధితులకు నోటీసు ఇచ్చియుండవలసినదని చెప్పుచునే, పిమ్మట వినినను చాలునని సరిపెట్టినది. 1991 అక్టోబరు 3న క్రిమినల్ కేసుల రద్దును తీసివేసిరి. అది మేలైనది; ప్రజలు ఊరకుండక పోరినందున వచ్చిన మేలు. 2010 జూన్‌లో పడిన శిక్ష రెండేసి సంవత్సరములు. ఆ యేడే కేంద్ర సర్కారు, తాను సంతకము చేసిన సొమ్ము చాలదని తానే సుప్రీంకోర్టుకు మొఱపెట్టుకొనెను! 2023 మార్చి 14న ఆ మొఱ కొట్టివేయబడినది. బాధితులకై తీసియుంచవలసిన బీమాను సర్కారు తీయకపోవుట ఘోరమైన అలక్ష్యమని న్యాయమూర్తులు గట్టిగా మందలించిరి. బిడ్డతరఫున సంతకము పెట్టిన సంరక్షకుడు ఇరువదియొక్క యేండ్లకు మేలుకొని, మోసపోతినని యేడ్చిన, బిడ్డకు ఒరిగిన దేమి?

ఇందులో చిత్రమేమనగా, సామాన్య గృహస్థునకు ఇట్టి పని చేయుటకు చట్టము ఒప్పదు. సివిలు ప్రొసీజరు కోడ్ ప్రకారము మైనరు తరఫున దావా నడుపు తండ్రియైనను కోర్టు సెలవులేక రాజీపడరాదు. ఊరివారందఱి పక్షమున ఒకడు వేసిన వ్యాజ్యములో నైనను అంతే. అచట సంబంధించినవారికి నోటీసును ఈయవలయును. కన్నతండ్రిని నమ్మని చట్టము కచేరీలోని సెక్రటరీని నమ్మవలయునా?

మరల మా నక్కవాగు కడకు వత్తము. ఫ్యాక్టరీల మురికినీరు ఆ వాగున పారి మంజీరలో కలియుచుండెనని 1990లో సుప్రీంకోర్టులో ప్రజాహిత వ్యాజ్యము పడినది. సుప్రీంకోర్టువారు మెదకు జిల్లా జడ్జిచేత విచారణ చేయించిరి. డాక్టరు అల్లాని కిషన్‌రావుగారివంటివారు వైద్యవృత్తి నడుమ ఈ పోరును మీద వేసికొనిరి. రైతులకు కొంత పరిహారము ముట్టినది. వ్యాజ్యము పిమ్మట హైకోర్టునకు, అటుపిమ్మట హరిత ట్రిబ్యునలునకు నడచినది. వ్యాజ్యము పుట్టిననాడు పుట్టిన బిడ్డలకు దాని తోవలోనే పెండ్లిండ్లైనవి. నడుమ 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు ఉన్నదని ప్రకటించిరి. అది రోగికి ఆ మందిచ్చినపుడు నెత్తురులోనుండు మోతాదును మించినది. శుద్ధిచేసిన పిమ్మటి నీటి మాట యిది!

ఇట్టి నేరములకు సర్కారు నేడు కనిపెట్టిన రాజీమార్గము జరిమానా. 2023లో చేసిన జనవిశ్వాస చట్టముచే పర్యావరణ పరిరక్షణ చట్టమునందును, వాయుకాలుష్య చట్టమునందును పెక్కు తప్పులకు జైలుశిక్ష తొలగి, పదివేలు మొదలు పదునైదు లక్షల రూపాయలవఱకు జరిమానా వచ్చినది. 2024 ఏప్రిలు 1 నుండి అమలు. విధించువాడు జడ్జి కాడు, సర్కారు నియమించిన యధికారి. సొమ్ము పర్యావరణ పరిరక్షణ నిధికి చేరవలెనని యున్నది. చవుడుబాఱిన మడి యజమాని ఇంటికి చేరవలెనని మాత్రము లేదు. కోట్ల వ్యాపారముచేయు కంపెనీకి పదునైదు లక్షలు దండన కాదు, దారిసుంకము. జనవిశ్వాస మను పేరు పెట్టిన కవి యెవరో గాని, ఏ జనుల విశ్వాసమో సెలవిచ్చినవాడు కాడు.

రాజీసొమ్ము ఎవరికి చెందవలెనను తగవు మనకొక్కరికే కాదు. అమెరికా న్యాయశాఖవారు కంపెనీలతో రాజీపడునపుడు కొంత సొమ్మును, ఖజానాకును గాక, నష్టపడినవారికిని గాక, మూడవ సంస్థలకు ఇప్పించుట వాడుకయై యుండెను. 2017లో అది కూడదని నిషేధించిరి. 2022లో ప్రభుత్వము మారినపిదప అనుమతించిరి. 2025లో మరల నిషేధించిరి. ఒకరు చేసినది మఱియొకరు చెఱిపివేసిరి గాని, ఈ మార్పులన్నియు వ్రాతపూర్వకముగా జరిగినవి. ఎవరైనను చదివి తిట్టవచ్చును. మన రాజీల నిబంధనలను తిట్టుదమన్నను చదువుటకు దొరకవు.

లోక్ అదాలతుల మాట కొంచెము చెప్పక తప్పదు. 1987లో చేసి 1995 నవంబరు 9న అమలునకు తెచ్చిన న్యాయసేవల చట్టమున వీనికి అధికారము వచ్చినది. పేదకు కోర్టుఫీజు లేదు, వకీలు ఖర్చు లేదు, ఒక్కపూటలో తీరును. ఈ గుణములను నేను కాదనను. అయితే అచట కుదిరినది డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. అప్పీలు లేనిచోట సమ్మతి ఎంత స్వచ్ఛముగానుండవలెనో చెప్పనేల? 2008లో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాదపు కేసులో, లోక్ అదాలతులు తీర్పరులు కారు, ఒప్పుకొనినవారి ఒప్పుదలను వ్రాయువారు మాత్రమే యని తెలియజెప్పవలసి వచ్చినది. అనగా అంతకుముందు కొన్నిచోట్ల తీర్పరులవలెనే నడచుచుండిరన్నమాట. మఱునాటి పత్రికలో వచ్చునది ఇన్ని వేల కేసులు ఒక్కనాడు పరిష్కృతములైనవను సంఖ్య. ఇన్‌స్పెక్టరు వచ్చి ఎందఱు ఉత్తీర్ణులైరని అడిగి, ఎందఱికి చదువు వచ్చినదని అడుగకుండ పోవుట నేను ఇరువదియేండ్లుగా చూచుచున్నాను. ఆ సంఖ్యలు ఎట్లు పుట్టునో నాకు కొంత తెలియును.

న్యాయశాఖవారు నీతిని సంస్కరింపదలచినచో లంచగొండి నొకనిని పట్టి సస్పెండు చేయుట చాలదు. లంచము లేకయే అన్యాయపు రాజీ జరుగవచ్చును, జరుగుచున్నది. ప్రాణహాని కేసులో సొమ్ముమాటయు నేరముమాటయు ఒక్క కాగితముపై వ్రాయుట నిషేధింపవలయును. పరిహారము పుచ్చుకొనిన విధవ క్రిమినలు కేసును క్షమించినట్లు వ్రాయించుకొనుట, ఆకలిని చూపి క్షమను కొనుటయే. 2024 జూలై 1న అమలునకు వచ్చిన క్రొత్త క్రిమినలు ప్రొసీజరు స్మృతిలో, సర్కారు కేసును ఉపసంహరించుకొనగోరినచో బాధితునకు చెప్పుకొను అవకాశమీయక కోర్టు అనుమతింపరాదని వ్రాసినారు. పాత కోడ్‌లో లేని మంచిమాట యిది. మా ఒడిస్సా విధవకు ఆ నోటీసు గంజాం జిల్లాలోని యింటికి ఒరియాలో పోవలయును. సంగారెడ్డి కోర్టుగోడమీద తెలుగున అంటించిన చాలదు. సర్కారు కూర్చుండి చేయించిన ప్రతి రాజీయందును రావలసినదెంత, ఒప్పుకొనినదెంత, తగ్గించుటకు కారణమేమి అను మూడుమాటలు వ్రాసి, పేరులు మాత్రము విడిచి, అందఱు చూచుటకు పెట్టవలయును. నిన్నటివఱకు ఆ కంపెనీ ఫీజు తిన్న వకీలు నేడు సర్కారు వకీలై దానితోనే రాజీ మాటలాడరాదు. ఇది చెప్పవలసివచ్చుటయే సిగ్గు.

ఇవన్నియు వినినపిదప కచేరీవారు చెప్పు సమాధానము ఒక్కటే: "అయ్యా, న్యాయమునకు పోయిన పదియేండ్లు పట్టును, ఆమె పిల్లలు అంతవఱకు ఏమి తినవలెను? చేతికి వచ్చినది మేలుకదా." ఈ జాలి నన్నును లోగొనును. కాని పదియేండ్లు పట్టించినవారెవరు? ఆలస్యమును తాము పెంచి, ఆ యాలస్యమును చూపి ధర తగ్గించుట, బావిని పూడ్చి నీరమ్ముట వంటిది. పైగా చట్టమున ఆలస్యమునకు మందు వ్రాసియే యున్నది. 1923 నాటి చట్టములోనే, యజమాని తగవు పెట్టినను తాను ఒప్పుకొనినంత మేరకు సొమ్మును ముందు కట్టవలెను. నెలదాటినచో నూటికి పండ్రెండు వంతున వడ్డీ, తగిన కారణము లేనిచో సగమువఱకు అపరాధపు సొమ్ము. 2020 మే 7న విశాఖలో ఎల్.జీ. పాలిమర్సు వాయువు వెలువడి పండ్రెండుగురు చనిపోగా, మఱునాడే హరిత ట్రిబ్యునలు ఆ కంపెనీని ఏబది కోట్ల రూపాయలు జిల్లా మేజిస్ట్రేటువద్ద డిపాజిటు చేయుమని యాజ్ఞాపించెను. విచారణ పిమ్మట జరిగెను. ఒక్కదినములో విశాఖలో చేయగలిగినది, ఒక్కడు చనిపోయిననాడు పాశమైలారములో నెలలోపల చేయుటకు అడ్డమేమో జిల్లా కచేరీవారు సెలవీయవలయును.